వ్యాయామం కోసం కొన్న హీల్స్

నేను జీవితంలో మొదటిసారి హీల్స్ కొన్నది వ్యాయామం కోసం. ఇంట్లో అలాగే చెప్పాను. చర్చిలో అక్కలతోనూ అదే చెప్పాను. ఢిల్లీ సరోజినీ నగర్ బజారులో చెప్పులు అమ్మినాయనకైతే అడగకపోయినా చెప్పాను. అప్పటికి నాకు నలభై దాటాయి. ఢిల్లీ పక్కన ఫరీదాబాద్‌లో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. రోజంతా వార్డులో నిలబడే ఉద్యోగం. అక్కడ కాళ్ళకు తెల్లటి చదును బూట్లు తప్ప ఇంకోటి ఎరగను.

అసలు సంగతేమిటంటే, నేను బాగా పొడుగు. ఒంగోలు పక్కన మా ఊళ్ళో బడి ప్రార్థనకు వరసలో నిలబెడితే ఎప్పుడూ నాది చివరి చోటే. పదో తరగతికి వచ్చేసరికి మా నాన్న ఎత్తును దాటిపోయాను. నాన్న దానికి మురిసిపోయేవాడు కానీ, అమ్మకు మాత్రం నన్ను చూసినప్పుడల్లా దిగులే.

"కాస్త భుజాలు దించి నడవ్వే," అనేది. "అంత నిక్కి నడిస్తే ఎవడు చేసుకుంటాడు నిన్ను?"

అలా దించి దించి, మెడ ముందుకు చాచి నడవడం నాకు అలవాటైపోయింది. నర్సింగ్ స్కూల్ హాస్టల్లో నన్ను క్వశ్చన్ మార్కు అని పిలిచేవాళ్ళు. నాకు కోపం వచ్చేది కాదు. ఆ ఆకారంలో ఉన్నానని నాకే తెలుసు.

పెళ్ళిచూపులనాడు అమ్మ నన్ను ముందే కుర్చీలో కూర్చోబెట్టింది. వాళ్ళు వచ్చేటప్పుడు లేవొద్దు, వెళ్ళేటప్పుడు అసలే లేవొద్దు అని చెప్పింది. టీ కూడా పిన్ని చేత ఇప్పించింది. అబ్బాయిది చీరాల. ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం. మాటలన్నీ సాఫీగా జరిగాయి. అంతా అయిపోయిందనుకుంటుండగా వాళ్ళతో వచ్చిన పాస్టరుగారు "ప్రార్థన చేసుకుందాం" అంటూ లేచారు. ఆయనతో పాటు గదిలో అందరూ లేచారు. ప్రార్థనకు లేవకుండా ఎలా ఉంటాను? అమ్మ ముఖం చూడకుండా నేనూ లేచాను. కళ్ళు మూసుకున్నాను గానీ ఆగలేక ఒక కన్ను కొద్దిగా తెరిచి చూశాను. అబ్బాయి తల నా చెవి దాకా వచ్చింది. అతనూ ఒక కన్ను తెరిచి తలెత్తి నన్నే చూస్తున్నాడు. ఆమేన్ అనగానే అతను మా నాన్నతో, "నాకు అభ్యంతరం లేదండి. ఆమెకుందేమో కనుక్కోండి," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వే జవాబు అనుకున్నారు అందరూ.

మా ఆయన మంచివాడు. ఎత్తు గురించి ఏనాడూ ఒక్క మాట అనలేదు. అయినా నేను మాత్రం ఉన్నవాటిలో అతి పల్చటి అడుగున్న చెప్పులే ఏరుకుని కొనుక్కునేదాన్ని. ఆయన పక్కన నడిచేటప్పుడు భుజాలు ఇంకాస్త దించేదాన్ని. ఢిల్లీ మెట్రోలో గురుగ్రామ్ ఆఫీసులకు వెళ్ళే అమ్మాయిలు టక్కుటక్కుమంటూ ప్లాట్‌ఫారం మీద నడుస్తుంటే, వాళ్ళ ముఖాలకంటే ముందు వాళ్ళ మడమలే చూసేదాన్ని. నాకా చెప్పులు కావాలని ఎవరితో చెప్పను? ఇప్పటికే ఇంత పొడుగున్నావు, నీకెందుకు అంటారు. వాళ్ళన్నదాంట్లో తప్పేమీ లేదు కూడా.

అలాంటి సమయంలో మా చర్చి ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. హైహీల్స్ వేసుకుని నడిస్తే పిక్కలు గట్టిపడతాయట, నడుము నిటారుగా నిలుస్తుందట, పొట్ట లోపలికి పోతుందట. జిమ్‌కు వెళ్ళే పని లేదు, ఆఫీసులోనే వ్యాయామం అయిపోతుందని అందులో ఒకావిడ ఇంగ్లీషులో గలగలా చెప్పింది. ఆదివారం ఆరాధన అయ్యాక టీ తాగుతూ అందరూ దాని గురించే మాట్లాడుకున్నారు. ఎక్కువమంది నవ్వేశారు. నేను మాత్రం చాలా గంభీరంగా, "ఏమో, నిజమేనేమో. నాకు ఈ మధ్య నడుము పట్టేస్తోంది," అన్నాను. నర్సునై ఉండి ఆ మాట అన్నానంటే నాకా చెప్పుల మీద ఎంత మోజుందో ఊహించుకోవచ్చు.

ఆ మాటను గట్టిగా పట్టుకున్నది మా పక్క బ్లాకులో ఉండే హైదరాబాద్ అమ్మాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, గురుగ్రామ్‌లో ఆఫీసు. నాకంటే పదేళ్ళు చిన్నది, నన్ను అక్కా అంటుంది. ఆమెకు హీల్స్ లేని రోజు ఉండదు.

"అక్కా, శనివారం నాకు సెలవే. సరోజినీ పోదాం," అంది.

"నా సైజు ఎక్కడా దొరకదమ్మా."

"దొరక్కపోతే ఛాట్ తిని వద్దాం. పోయేదేముంది?"

మెట్రోలో లాజ్‌పత్ నగర్‌లో దిగి, లైను మారి, సరోజినీ నగర్ చేరేసరికి పదకొండు దాటింది. సైజు విషయంలో నేను అబద్ధం చెప్పలేదు. నా పాదం నలభై రెండు. ఆడవాళ్ళ చెప్పులు ఆ నంబరు దాకా రావు. అప్పటిదాకా బజారుకు మగవాళ్ళ శాండల్సే వేసుకునేదాన్ని. ఒక్కో దుకాణంలో పాదం చాపడం, వాళ్ళు చూసి తల అడ్డంగా ఊపడం. నాలుగైదు చోట్ల అలాగే జరిగాక, ఇక ఛాట్ తిని వెళ్ళిపోదాం అన్నాను. ఆ అమ్మాయి వినలేదు. ఒక సందు చివర గోనెసంచి మీద చెప్పులు గుట్టగా పోసుకుని కూర్చున్న ముసలాయన దగ్గరికి లాక్కెళ్ళింది. అవన్నీ విదేశాలకు పంపగా మిగిలిన సరుకట.

ఆయన నా పాదం చూశాడు, తర్వాత మెల్లగా తలెత్తి నన్ను చూశాడు. "దీదీ, ఆప్ తో పెహ్లే సే హీ ఇత్నీ లంబీ హో," అన్నాడు, ఇప్పటికే ఇంత పొడుగున్నారు కదా అని నా బాగు కోరి చెబుతున్నట్టు.

"ఎక్సర్‌సైజ్ కే లియే, భయ్యా," అన్నాను.

"అచ్ఛా," అని, ఇంకేమీ అడగకుండా గుట్టలో చెయ్యి పెట్టి వెతకడం మొదలుపెట్టాడు. అడుగు నుంచి ఒక జత లాగాడు. ముదురు ఎరుపు. మడమ మరీ పెన్సిల్లా సన్నంగా లేదు, అలాగని పొట్టిగానూ లేదు. ముందువైపు చిన్న చిన్న మెరుపులు. తొడుక్కున్నాను. సరిపోయాయి. నలభై ఏళ్ళు దాటాక నా పాదానికి సరిపోయిన మొదటి ఆడవాళ్ళ చెప్పులవి. ఆ అమ్మాయి భుజం పట్టుకుని లేచి నిలబడ్డాను.

"భలే ఉన్నవ్ అక్కా," అంది తను. మీరు నుంచి నువ్వులోకి దిగిపోయింది. నాకు ఇంకా బాగుంది.

ఇంటికి వచ్చి మా ఆయనకు చూపించాను. "పిక్కలకు మంచిదట. రోజూ కాసేపు ఇంట్లో వేసుకుని నడుస్తాను," అన్నాను.

ఆయన ఒక చెప్పు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని కదా, ఏ వస్తువైనా ముందు దాని బిగింపులు చూస్తారు. "మడమ గట్టిగానే ఉంది. కానివ్వు," అన్నారు.

ఆ సాయంత్రం నుంచి నా వ్యాయామం మొదలైంది. డ్యూటీ నుంచి వచ్చి వంట పొయ్యి మీద పెట్టి, హాల్లో నుంచి బాల్కనీ దాకా, బాల్కనీ నుంచి హాల్లోకి. మొదటిరోజు గోడ పట్టుకుని నడిచాను. రెండోరోజు కుర్చీలు పట్టుకుని నడిచాను. హైదరాబాద్ అమ్మాయి వచ్చి సోఫాలో కూర్చుని పాఠం చెప్పేది.

"గట్ల కాదు అక్కా. ముందుగాల మడమ ఆనాలె, తర్వాత వేళ్ళు. కిందికి చూడొద్దు, ముంగటికి చూడాలె. భుజాలెందుకు గట్ల దించుతున్నవ్? ఎనకకు వేయి."

భుజాలు వెనక్కు వేస్తేనే హీల్స్ మీద నిలబడగలం. దించితే ముందుకు తూలుతాం. అమ్మ నేర్పినదాన్ని ఆ చెప్పులు ఒప్పుకోలేదు. పడిపోతానన్న భయంతో మొదలైన నిటారుతనం కొద్దిరోజులకు హాయిగా అనిపించసాగింది. ఛాతీ నిండా ఊపిరి పీల్చుకుంటున్నట్టుండేది. పప్పు కలుపుతూ కూడా నిటారుగానే నిలబడేదాన్ని.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. పోలికంతా వాళ్ళ నాన్నదే, ఎత్తుతో సహా. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే వస్తుంది. గుమ్మంలో నిలబడి నా నడక చూసి, "మమ్మీ, యే తో నాఇన్సాఫీ హై," అంది. "హీల్స్ కీ జరూరత్ ముఝే హై, పెహన్ ఆప్ రహీ హో." హీల్స్ అవసరం తనకైతే వేసుకుంటున్నది నేనట, అన్యాయమట.

"నీ పాదం ఇందులో రెండుసార్లు పడుతుందే," అన్నాను. అది తొడుక్కుని చూసింది. హాలంతా పడవల్లా ఈడ్చుకుంటూ నడిచి, తలుపు దగ్గర బోర్లా పడబోయి, మా ఆయన పట్టుకుంటే ముగ్గురం కూలబడి నవ్వాం.

అలా ఒక నెల గడిచాక నాకు పిక్కలు నొప్పి పట్టాయి. పొద్దున మంచం దిగగానే కాలు నేలకు ఆనించలేకపోయేదాన్ని. గట్టిపడుతున్నాయి కాబోలు అని సంతోషించాను. వార్డులో నా నడక చూసి మా ఫిజియోథెరపిస్టు మేడం ఆపింది. ఆవిడ రోహ్‌తక్ వైపు మనిషి, మాటలో ఎప్పుడూ తొందరే. నేను వీడియో దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. ఆవిడ నన్ను మంచం మీద పడుకోబెట్టి పాదాన్ని నా వైపుకు వంచింది. ప్రాణం పోయినట్టయింది.

"సిస్టర్, ఇది గట్టిపడడం కాదు," అంది హిందీలో. "మడమ పైకి లేచి ఉన్నంతసేపూ పిక్క కుంచించుకునే ఉంటుంది. రోజూ అలాగే ఉంచితే అది పొట్టిదైపోతుంది. బరువంతా వేళ్ళ మీదా మోకాళ్ళ మీదా పడుతుంది. నర్సింగ్ చదివారు, మీకు నేను చెప్పాలా?"

"వీడియోలో చెప్పారు మేడం," అన్నాను. నాకే వినడానికి ఎంత పేలవంగా ఉందో.

ఆవిడ నవ్వింది. "పిక్కలకు వ్యాయామం కావాలంటే ఒట్టి కాళ్ళతో మెట్టు అంచున నిలబడి మునివేళ్ళ మీద లేవండి, మెల్లగా దిగండి. దిగడమే ముఖ్యం. ఔర్ హీల్స్? హీల్స్ ఖుషీ కే లియే పెహ్నో, సెహత్ కే లియే నహీ. ఎప్పుడైనా ఒక పూట వేసుకుంటే ఏమీ కాదు. తీసేశాక పిక్కలు సాగదీయండి."

ఆరోగ్యం కోసం కాదు, సంతోషం కోసం వేసుకోమంది. ఆ రోజు ఆటోలో ఇంటికి వస్తూ దాని గురించే ఆలోచించాను. ఆరోగ్యమైతే చెప్పుకోవడానికి ఒక కారణం ఉండేది. సంతోషం కోసం అంటే, నాకు కావాలి కాబట్టి అని ఒప్పుకోవాలి. వార్డులో ఎందరికో నొప్పి ఎక్కడుందో దాచకుండా చెప్పమంటాను. నాకేమో ఇంత చిన్న మాట నోటికి రావడంలేదు.

ఇంటికొచ్చాక మా ఆయనతో చెప్పేశాను. "ఏమండీ, హీల్స్ వ్యాయామం కాదట. ఫిజియో మేడం చెప్పింది."

ఆయన వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నారు. "నాకు తెలుసులే," అన్నారు.

"ఏం తెలుసు?"

"వ్యాయామానికి ఎవరైనా మెరుపులున్న చెప్పులు కొంటారా? నీకు నచ్చి కొనుక్కున్నావు."

"మరి అప్పుడే అనలేదేం?"

"నువ్వు చెప్పదలచుకోలేదు కదా, నేనెందుకు అడగడం?" కళ్ళు తుడుచుకున్నారు, ఉల్లిపాయల ఘాటుకి. "ఆ చెప్పులు వేసుకున్నాక నువ్వు నడిచే తీరు మారింది. చూస్తుంటే బాగుంది. నా మూలంగా ఇన్నాళ్ళూ వంగి నడిచావా ఏంటి?"

నేను రాలిన ఉల్లిపాయ తొక్కలు ఏరి చెత్తబుట్టలో వేశాను.

"నాకేం ఇబ్బంది లేదే. పెళ్ళిచూపుల్లోనే చూశాగా ఎంత ఎత్తో," అన్నారు. "వచ్చే నెల మా ఫ్యాక్టరీలో ఫ్యామిలీ డే. ఆ రోజు వేసుకో. ఇంట్లో నేల మీద నడవడానికి కొన్నావా అంత మంచివి?"

మర్నాటి నుంచి రోజూ పొద్దున డ్యూటీకి ముందు మా అపార్ట్‌మెంట్ మెట్ల అంచున నిలబడి, ఒట్టి కాళ్ళతో, మేడం చెప్పినట్టు లేవడం, దిగడం చేశాను. నాకు తోడుగా మా ఆయన కూడా వచ్చేవారు. ఇద్దరం రెయిలింగ్ పట్టుకుని లేస్తూ దిగుతూ ఉంటే, పాలు తెచ్చుకుంటున్న పైఇంటి ఆంటీ ఏమీ అర్థంకాక మేము తప్పుకునేదాకా ఆగేది. కొద్దిరోజుల్లో నొప్పి తగ్గింది. పిక్కలు కూడా నిజంగానే గట్టిపడ్డాయి.

ఫ్యామిలీ డే చలికాలం మధ్యలో, ఒక ఆదివారం. పొగమంచు విడిపోయి మంచి ఎండ కాసింది. పచ్చిక మీద షామియానాలు, పిల్లలకు గెంతడానికి గాలితో నింపిన బొమ్మ ఇల్లు, ఒక పక్క భోజనాలు. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, ఎర్రటి హీల్స్ వేసుకుని మా ఆయన పక్కన గేటులోంచి లోపలికి నడిచాను. ఆయన తల నా గడ్డం దాకా వచ్చింది. మనుషులు చూశారు. చూస్తారని తెలుసు. భుజాలు దించబోయి, తూలతానని గుర్తొచ్చి, వెనక్కు వేశాను.

ఆయనతో పనిచేసే ఒకాయన దగ్గరికొచ్చి నమస్తే చెప్పి, "భాభీజీ, ఆప్‌కే ఘర్ మే బల్బ్ బదల్నే కే లియే స్టూల్ కీ జరూరత్ నహీ పడ్తీ హోగీ," అన్నాడు. మా ఇంట్లో బల్బు మార్చడానికి స్టూల్ అక్కర్లేదేమోనని. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

మా ఆయన ఏమాత్రం తడుముకోకుండా, "హమారే ఘర్ మే స్టూల్ హై హీ నహీ, భాయ్," అన్నారు. మా ఇంట్లో అసలు స్టూలే లేదని, ఎంతో గొప్పగా, కొత్త కారు కొన్న సంగతి చెబుతున్నట్టు. ఈసారి ఇంకా పెద్దగా నవ్వారు, కానీ ఆ నవ్వు మాతో కలిసి నవ్విన నవ్వు. నాకూ నవ్వొచ్చింది.

మధ్యాహ్నం దంపతులకు ఒక ఆట పెట్టారు. మొగుడూ పెళ్ళాం మధ్య ఒక బెలూన్ ఆనించుకుని, చేతులతో పట్టుకోకుండా పాటకు డాన్స్ చెయ్యాలి. బెలూన్ జారితే అవుట్. మైకు పట్టుకున్నాయన ఎక్కడ ఆనించుకున్నా ఫర్వాలేదన్నాడు. నేను వద్దంటుంటే మా ఆయన చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళారు. అందరూ నుదురూ నుదురూ మధ్య బెలూన్ పెట్టుకున్నారు. మేమూ అలాగే ప్రయత్నించాం. నా నుదురు ఎక్కడ, ఆయన నుదురు ఎక్కడ. నేను వంగబోయాను.

"వంగకు," అన్నారాయన. "నిలబడు. నీ గడ్డం కింద పెట్టు."

గడ్డం కింద, మెడ వంపులో బెలూన్ పెట్టుకున్నాను. రెండో వైపు ఆయన నుదురు ఆనించారు. దానికోసమే కొలిచి చేసినట్టు కూర్చుంది. పాట మొదలైంది. ఢోలు మోతతో పంజాబీ పాట. పక్కనున్న జంటల నుదుళ్ళ మీద బెలూన్లు చెమటకు జారి ఒక్కొక్కటీ పచ్చిక మీద పడుతున్నాయి. ఒక జంటదైతే టప్పుమని పేలింది. మాది కదల్లేదు. పాట వేగం పెంచారు. నా హీల్స్ పచ్చికలో దిగబడుతున్నాయి. ఒక కాలు పీకి ఇంకో కాలు వేసేదాన్ని. అదే మా డాన్స్ అయిపోయింది. ఆయన అడుగులు నా అడుగులకు కలుపుకుంటున్నారు. "మమ్మీ, హిల్నా మత్," అని మా అమ్మాయి అరుస్తోంది, డాన్స్ ఆటలో కదలొద్దని. నవ్వితే గడ్డం కదులుతుందని నవ్వు బిగబట్టుకున్నాను. కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

చివరికి మేమూ, కొత్తగా పెళ్ళైన ఒక కుర్ర జంటా మిగిలాం. ఆ అమ్మాయికి నవ్వాగలేదు, వాళ్ళ బెలూన్ ఎగిరిపోయింది. పాట ఆగింది. మా ఆయన నుదురు తీయకుండా బెలూన్ అవతలి నుంచి, "గెలిచామా?" అని అడిగారు. ఆయనకు నా చీర తప్ప ఏమీ కనపడటంలేదు పాపం.

"గెలిచాం," అన్నాను.

బహుమతిగా ఒక కరెంటు కెటిల్ ఇచ్చారు. స్టూల్ గురించి అన్న ఆయనే వచ్చి మా ఇద్దరికీ ఫోటో తీశాడు. ఆ ఫోటోలో నేను ఎంత పొడుగున్నానో అంత పొడుగూ ఉన్నాను. మా ఆయన కెటిల్‌ను ఛాతీకి హత్తుకుని తలెత్తి నన్ను చూస్తున్నారు. ఇద్దరికీ చెమట పట్టి ఉంది. సాయంత్రం దాన్ని ఊళ్ళో అమ్మకు పంపించాను. అమ్మ కాసేపటికి ఫోన్ చేసింది.

"ఆ చెప్పులేంటే?" అంది. నేను ఊపిరి బిగబట్టాను. "బాగున్నాయి. చీర మీదికి భలే కలిశాయి. ఎక్కడ కొన్నావు?"

కానీ అది సాయంత్రం మాట. ఆ మధ్యాహ్నం ఆట అయిపోయాక మాకు విపరీతంగా ఆకలేసింది. జనమంతా భోజనాల వైపు కదిలారు. మా ఆయన మునివేళ్ళ మీద లేచారు, మెట్ల మీద చేసినట్టే, అయినా ముందున్న తలలు తప్ప ఏమీ కనపడలేదు.

"చూసి చెప్పు, ఎక్కడ రద్దీ తక్కువుంది?" అన్నారు.

నేను నిటారుగా నిలబడి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాను. "పూరీల దగ్గర చాంతాడంత వరసుంది. జిలేబీ దగ్గర ఎవరూ లేరు. ఇప్పుడే కళాయిలోంచి తీస్తున్నాడు."

"అయితే ముందు జిలేబీ," అని, పచ్చికలో కాలు దిగబడకుండా పట్టుకోవడానికి భుజం అందించారు. మా అమ్మాయి అప్పటికే పరుగెత్తింది.